పరిగె నుండి పిడికెడు బియ్యం వరకు: దోర్నకల్ క్రైస్తవ సమాజంలో బీదల ఔదార్యం, దైవపోషణ భావన

వ్యాససంగ్రహం

బీదలకు చేసే సహాయాన్ని దాత సంపాదించుకొనే పుణ్యంగా కాక, దేవుడు తన సృష్టికి సమకూర్చే పోషణలో ఒక మార్గంగా చూడటం బైబిలు బోధలో బలంగా కనిపించే భావన. పూర్వపు వరంగల్ జిల్లాలోని దోర్నకల్ కేంద్రంగా 20వ శతాబ్ది పూర్వార్ధంలో ఎదిగిన తెలుగు క్రైస్తవ సమాజం ఈ భావనకు కొత్త అన్వయం ఇచ్చింది. అక్కడ దానం పుచ్చుకోవలసిన వారే దాతలయ్యారు. ఈ మార్పుకు ఆధారమైన బైబిలు భాగాలను, వాటి తెలుగు పదజాలాన్ని, 1876–78 కరువు అనుభవాన్ని, బిషప్ వి.ఎస్. అజరయ్య ఆలోచనను, వాటిపై వచ్చిన ఆక్షేపణలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: పరిగె, ధర్మం, దైవపోషణ, ధాత కరువు, దోర్నకల్, అజరయ్య, పిడికెడు బియ్యం

ఉపోద్ఘాతం

కాకతీయుల కాలపు దానచరిత్ర రాయదలచిన వారికి ఆధారాల కొరత లేదు. ఆ యుగపు శాసనాల్లో అధికభాగం దానశాసనాలే. వాటిలో 1261 నాటి మల్కాపురం శాసనం ప్రసిద్ధం. గోళకీ మఠాచార్యుడైన విశ్వేశ్వర శివాచార్యునికి గణపతిదేవుడు, రుద్రమదేవి ఇచ్చిన గ్రామాల ఆదాయంతో ప్రసూతిశాల, ఆరోగ్యశాల, అన్నసత్రం నడిచినట్లు అది చెబుతుంది. సత్రంలో అన్నం చండాలపర్యంతం అందరికీ అందాలన్నది అందులోని నియమం. ఆ కాలానికి అది సామాన్యమైన మాట కాదు. అయితే శాసనంలో పేరు నిలిచింది ఇచ్చినవారికి. తిన్నవారు ఒక సమూహవాచకంగానే మిగిలారు. ఇవ్వడం పైవాడి పని, పుచ్చుకోవడం కిందివాడి పని అన్న అమరికను శాసనం ప్రశ్నించదు. ప్రశ్నించాలని ఆశించడం కూడా న్యాయం కాదు.

ఆరున్నర శతాబ్దాల తరువాత ఒకప్పటి కాకతీయ రాజధానికి చేరువలోని పల్లెల్లో, ఆ చివరి వరుసలో కూర్చోవలసిన మాల మాదిగ కుటుంబాలు దాతలుగా లెక్కకు వచ్చాయి. నిజాం రాజ్యపు వరంగల్ ప్రాంతంలో, మానుకోట తాలూకాలోని దోర్నకల్ ఇందుకు కేంద్రమైంది. మిషనరీ చరిత్రలు ఈ పరిణామాన్ని 'స్వయంపోషణ' అనే పరిపాలనా శీర్షిక కింద చెప్పి ముందుకు సాగుతాయి. మతాంతరీకరణ విమర్శకులు దీనిని పట్టించుకున్నదే తక్కువ. నిజానికి ఇందులో దానం అన్న మాటకు అర్థమే మారింది. ఆ మార్పును చూడాలంటే ముందు గ్రంథం వైపు వెళ్ళాలి.

పరిగె: దయ కాదు, వాటా

బైబిలులో బీదల పోషణకు తొలి రూపం చేలోనే కనిపిస్తుంది. లేవీయకాండం 19వ అధ్యాయం పొలం ఓరలను పూర్తిగా కోయవద్దని, రాలిన వెన్నులను ఏరవద్దని, ద్రాక్షతోటను దులిపివేయవద్దని యజమానిని ఆదేశిస్తుంది. అవి బీదలకు, పరదేశులకు విడిచిపెట్టవలసినవి. ద్వితీయోపదేశకాండం 24వ అధ్యాయం మరో అడుగు వేసి, పొలంలో మరచిపోయిన పన కోసం యజమాని వెనుదిరగకూడదంటుంది. అది పరదేశికి, తండ్రిలేనివారికి, విధవరాలికి చెందుతుంది. రూతు గ్రంథంలోని కథంతా ఈ నియమం మీద నడుస్తుంది. మోయాబు నుండి వచ్చిన విధవరాలు బోయజు పొలంలో వెన్నులు ఏరుకొని అత్తను పోషిస్తుంది.

ఈ సందర్భంలో తెలుగు అనువాదకులు వాడిన 'పరిగె' సంస్కృత పర్యాయపదం కాదు, కాపుదనపు మాట. కోత ముగిసిన చేలో రాలిన గింజలను, వెన్నులను పిల్లలు, ముసలివారు, కూలి దొరకని స్త్రీలు ఏరుకోవడం తెలుగు పల్లెలకు తెలిసిన దృశ్యమే. విన్నవారికి వ్యాఖ్యానం అవసరం లేదు. తేడా మరోచోట ఉంది. తెలుగు పల్లెలో పరిగె ఏరుకోనివ్వడం ఆసామి మంచితనం మీద ఆధారపడిన విషయం. కల్లంలో వృత్తులవారికి కొలిచే మేరకు ఆచారబలం ఉన్నా, అదీ చాకిరీతో ముడిపడినదే. లేవీయకాండంలో ఈ రెండు షరతులూ లేవు. భూమి తనదని, ఇశ్రాయేలీయులు తన యొద్ద కాపురమున్న పరదేశుల వంటివారని 25వ అధ్యాయంలో దేవుడు ప్రకటిస్తాడు. అసలు భూస్వామి ఆయనే అయినప్పుడు పొలం ఓర బీదలకు అతడు నిర్ణయించిన వాటా. ఓరను విడిచే రైతు దాత కాడు, అప్పగింతదారు మాత్రమే.

అదే అధ్యాయం బీదవానికి ఆహారాన్ని లాభానికి ఇవ్వరాదని కూడా నిషేధిస్తుంది. తెలంగాణ శ్రోతకు ఇక్కడ నాగు గుర్తుకు రాక మానదు. వానాకాలంలో అప్పుగా తెచ్చిన గింజలకు కోతల నాడు అదనంగా గింజలే కొలిచి తీర్చే నాగు పద్ధతి పాలేరు కుటుంబాలను తరతరాలు కట్టిపడవేసింది. అప్పుకు బదులు మనిషే జీతం ఉండిపోయే భాగేలా ఒప్పందాలను నియంత్రిస్తూ నిజాం ప్రభుత్వం 1936లో చట్టం చేయవలసి వచ్చిందంటే వాటి విస్తృతిని ఊహించవచ్చు. భూమి దొరది, గింజ దొరది, ఆకలి మాత్రమే తమదన్న స్థితిలో ఉన్నవారికి భూమికి మరో యజమాని ఉన్నాడన్న మాట పరలోక విషయంగా మాత్రమే వినిపించి ఉండదు.

'ధర్మం', 'నీతి': అనువాదంలో చీలిన మాట

హీబ్రూలో 'త్సెదాకా' అన్న మాటకు మూలార్థం నీతి, న్యాయవర్తన. కాలక్రమంలో బీదలకు చేసే సహాయానికి అదే పేరయింది. రెండు అర్థాలు ఒకే మాటలో ఉండటం వల్ల బీదవానికి ఇవ్వకపోవడం దయ లోపించడం కాదు, న్యాయం తప్పడం అవుతుంది. తెలుగులో దీనికి అతి సమీపమైన మాట 'ధర్మం'. ధర్మం తప్పకపోవడం, ధర్మం చేయడం రెండూ మనకు ఒకే మాటతో సాధ్యం. గడపలో నిలిచి 'ధర్మం చేయండి' అని అడిగేవాడు ఒక విధంగా ఎదుటివాని కర్తవ్యాన్నే గుర్తు చేస్తాడు.

తెలుగు బైబిలు ఈ అవకాశాన్ని సగమే వాడుకుంది. మత్తయి 6వ అధ్యాయం మొదటి వచనంలో 'నీతికార్యము' అని, రెండవ వచనంలో 'ధర్మము' అని రెండు వేరు పదాలు కనిపిస్తాయి. గ్రీకు మూలంలోనూ పదాలు వేరే కాబట్టి అనువాదకులను తప్పుపట్టలేము. చిక్కు 2 కొరింథీయులకు 9వ అధ్యాయంలో వస్తుంది. దరిద్రులకు ఇచ్చేవాని 'నీతి' నిలిచి ఉంటుందని కీర్తనకారుని మాటను పౌలు అక్కడ తీసుకుంటాడు. ఆ నీతి వెనుక ఉన్నది త్సెదాకాయే. తెలుగు పాఠకుడు నీతి అనగానే సచ్ఛీలం అనుకుంటాడు. ధర్మం అని ఉంటే వాక్యం తెలుగులో ఇంకా సూటిగా పలికేది. హైందవ పరిభాషగా ముద్రపడిన మాట పట్ల సంకోచం ఇందుకు కారణం కావచ్చు గాని, మత్తయి 6వ అధ్యాయంలో 'ధర్మము' సంకోచం లేకుండా వాడిన చోట ఆ వాదం పూర్తిగా నిలవదు.

అదే అధ్యాయంలో పౌలు వ్యవసాయ రూపకాన్ని విస్తరిస్తాడు. విత్తేవానికి విత్తనాన్ని, తినేందుకు ఆహారాన్ని ఇచ్చేవాడు దేవుడేనని అతని వాదం. అంటే చేతిలోని గింజల్లో కొన్ని తినడానికి, కొన్ని చల్లడానికి. విత్తనాల గింజను వండుకు తినడం ఎంతటి కష్టకాలానికి గుర్తో పల్లె ఎరుగును. బీదలకు ఇచ్చేది మిగులు కాదు, విత్తనం అన్న ఈ పోలిక దోర్నకల్ బోధకు చాలా దగ్గరిది.

ధాత కరువు

తెలుగు క్రైస్తవ చరిత్రలో దానానికి ఒక నీడ ఉంది. అది 1876–78 కరువుది. ధాత నామ సంవత్సరంలో మొదలైనందున జనం దానిని ధాత కరువన్నారు. ధాత అంటే సృష్టికర్త, భరించేవాడు. ఆ పేరు గల ఏడే అన్నం లేకుండా చేసిందన్న విపర్యాసం ఆనాటి పండితులకు తట్టకుండా ఉండదు.

ఒంగోలులో అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ ఆ కరువులో బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్ళ తవ్వకాన్ని ప్రభుత్వం నుండి కాంట్రాక్టుగా తీసుకున్నాడు. సర్వేయరుగా పనిచేసిన అనుభవం అతనికి తోడ్పడింది. ఊరి ఉపదేశకులు మేస్త్రీలయ్యారు, వేలమందికి కూలి దొరికింది. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ సహాయ శిబిరాల్లో రోజుకూలిని ఒక పౌను ధాన్యానికి సరిపడేంతగా తగ్గించిన రోజులివి. కాలువ పనిలో దొరికినది దానం కాక కూలి కావడం గమనించదగినది. కరువు సాగుతున్నంత కాలం క్లౌ బాప్తిస్మాలు నిలిపివేశాడు. తిండి కోసం మతం మారారన్న మాట రాకూడదన్నది కారణం. సహాయ కార్యక్రమాలు ముగిసే వేళకు నిలిపిన వెల్లువ ఒక్కసారిగా వచ్చింది. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి వద్ద ఒక్కరోజునే 2,222 మంది బాప్తిస్మం పొందారు. మరుసటి సంవత్సరం, 1879లో, బాప్టిస్టు మిషన్ హనుమకొండలో కేంద్రం తెరిచింది.

జాగ్రత్త పడినా మాట తప్పలేదు. 'బియ్యపు క్రైస్తవులు' అన్న నింద తరువాతి అరవై ఏళ్ళు తెలుగు సంఘాలను వెంటాడింది. ఈ నిందలో ఆరోపణ ఎంత, వాస్తవం ఎంత అన్నది వేరే చర్చ. దానిలో దాగిన ఊహ మాత్రం గమనించాలి. బియ్యం ఎప్పుడూ పైనుండి కిందికే ప్రయాణిస్తుంది, కిందివాడు పుచ్చుకోగలడు తప్ప ఇవ్వలేడు. నిందించినవారు, జాలిపడినవారు కూడా ఈ ఊహను పంచుకున్నారు.

దోర్నకల్

1903 ఈ కథలో విచిత్రమైన సంవత్సరం. ఆ ఏడాది తెలుగు బాప్టిస్టుల హోమ్ మిషనరీ సొసైటీ తన చందాలతో జాన్ రంగయ్యను దక్షిణాఫ్రికాలోని నాటాలుకు, చెరకు తోటల్లో ఒప్పంద కూలీలుగా ఉన్న తెలుగువారి దగ్గరకు పంపింది. అదే ఏడాది ఫిబ్రవరిలో తిరునెల్వేలి క్రైస్తవులు ఇండియన్ మిషనరీ సొసైటీని స్థాపించారు. భారతీయుల ధనం, భారతీయ సేవకులు, భారతీయ నిర్వహణ అన్నది దాని సూత్రం. ఆ సంఘం ఎంచుకున్న క్షేత్రం దోర్నకల్. సికిందరాబాదు–బెజవాడ రైలుమార్గం మీద, సింగరేణి బొగ్గు గనులకు దారి చీలే కూడలి అది.

సంఘ స్థాపకుల్లో ముఖ్యుడు వేదనాయకం శామ్యూల్ అజరయ్య. 1874లో తిరునెల్వేలి జిల్లా వెల్లాళన్‌విళైలో పల్లె గురువు కుమారుడుగా పుట్టాడు. వై.ఎం.సి.ఏ.లో ఉన్నతోద్యోగాన్ని వదలి 1909లో గురువుగా అభిషేకం పొంది దోర్నకల్ వచ్చాడు. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్ అయ్యాడు. ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవి పొందిన తొలి భారతీయుడతడే. మొదట చిన్నదిగా ఉన్న దోర్నకల్ డయోసీస్ 1920 తరువాత కృష్ణా మండల సంఘాలను కూడా కలుపుకొని పెరిగింది. 1930ల నాటికి అందులో సభ్యులు రెండు లక్షలకు మించారు. వారిలో అత్యధికులు మాల మాదిగలు.

దానం విషయంలో అజరయ్య దృష్టికి ఒక కీలకం 1910 ఎడింబరో ప్రపంచ మిషనరీ మహాసభలో అతడు చేసిన ప్రసంగంలో దొరుకుతుంది. మిషనరీలు బీదల పోషణకు ఆస్తులను ఇచ్చిన మాట ఒప్పుకొంటూనే, భారతీయులు కోరుతున్నది స్నేహమని అతడు నిండు సభలో అన్నాడు. ఈ ప్రసంగాన్ని సాధారణంగా జాతివివక్ష చర్చలో ఉదాహరిస్తారు. దాన సిద్ధాంతంగా చదివినప్పుడు దానిలో మరో పదును కనిపిస్తుంది. ఇచ్చేవానికి, పుచ్చుకొనేవానికి మధ్య సమానత లేకపోతే అన్నం పెట్టినా మనిషికి అవమానం మిగులుతుంది. తిరునెల్వేలివాడు తెలుగు పల్లెకు ధనాన్ని మోసుకువస్తే ఆ చిక్కు తీరదు, దాత రంగు మారుతుందంతే. కాబట్టి పల్లెనే దాతను చేయాలి.

క్రైస్తవ దానం గురించి అజరయ్య ప్రత్యేకంగా ఒక పుస్తకం రాశాడు. 'క్రిస్టియన్ గివింగ్' పేరిట అది అతని మరణానంతరం 1950లలో అంతర్జాతీయంగా మళ్ళీ వెలువడింది. దశమభాగం, ప్రథమఫలాలు, గృహనిర్వాహకత్వం వంటి బైబిలు భావనలను భారతీయ సంఘానికి అన్వయించడం దాని ప్రయత్నం. చేతిలో ఉన్నది తనది కాదు, అప్పగించబడినది అన్న గృహనిర్వాహకుని వైఖరి పొలం ఓర నియమానికి కొనసాగింపే.

పిడికెడు బియ్యం

సిద్ధాంతం పల్లెకు చేరిన తీరు చాలా సాదాగా ఉంటుంది. పూటకు ఎసట్లో పోయడానికి కొలిచిన బియ్యం నుండి, లేదా జొన్నల నుండి, ఇల్లాలు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తుంది. వారాంతాన ఆ కుండ గుడికి వెళుతుంది. అక్కడ అందరి గింజలు ఒక్కటవుతాయి. దక్షిణాది సంఘాల్లో, తెలుగు సంఘాల్లో విస్తృతంగా పాటించిన ఈ ఆచారానికి తమిళదేశంలో పిడి అరిసి అన్న పేరుంది. మఠాలకు, అన్నదానాలకు కూడా అక్కడ ఇదే పద్ధతి వాడుకలో ఉంది. అంటే ఇది పాశ్చాత్య సంఘం నేర్పిన విద్య కాదు. మన వంటిళ్ళ నుండే పుట్టింది.

నగదు లేని సమాజంలో ఈ ఏర్పాటు బలం తేలికగా బోధపడుతుంది. కూలి గింజల్లో వచ్చినప్పుడు కానుక కూడా గింజల్లోనే సాధ్యం. కోతల తరువాత జరిగే కృతజ్ఞతార్పణ పండుగలో ధాన్యంతో పాటు కోళ్ళు, గుడ్లు, గుమ్మడికాయలు వస్తాయి. ఆరాధన ముగిశాక వాటిని వేలం వేస్తారు. ఒకరు తెచ్చిన సొరకాయను మరొకరు పాడి, తిరిగి కానుకగా ఇచ్చివేయడం, మళ్ళీ పాట మొదలవడం ఈనాటికీ తెలుగు సంఘాల్లో పరిచితమైన వేడుక. జాతర కోలాహలానికి అలవాటుపడిన జనానికి ఈ రూపం పరాయిది అనిపించలేదు. దేశీయ రూపాలను సంఘంలోకి ఆహ్వానించడం అజరయ్య పద్ధతి కూడా. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన దోర్నకల్ కెథీడ్రల్‌లో గుళ్ళ స్తంభాలు, మసీదుల గుమ్మటాలు కలిసి ఉండటం ఇందుకు రాతిసాక్ష్యం.

పిడికెడు బియ్యానికి గ్రంథంలో ఉన్న పోలిక 1 రాజులు 17వ అధ్యాయం. కరువులో ఏలీయాను పోషించడానికి దేవుడు ఎంచుకున్నది ధనవంతుని కాదు, సారెపతులోని ఒక విధవరాలిని. ఆమె దగ్గర ఉన్నది తొట్టిలో పట్టెడు పిండి, బుడ్డిలో కొద్దిపాటి నూనె. తానూ కొడుకూ తిని చనిపోవడమే మిగిలిందనుకొంటున్న స్త్రీ ఆమె. ఆ పట్టెడులో నుండే ప్రవక్తకు మొదట రొట్టె వెళ్ళింది, పిండి తరగలేదు. బోయజు కథలో పోషణ భూస్వామి నుండి బీదరాలికి వస్తుంది. ఇక్కడ అది బీదరాలి నుండి బయలుదేరుతుంది. దోర్నకల్ అనుభవం మొదటి కథను దాటి రెండవ కథలోకి అడుగుపెట్టిందనడం అతిశయోక్తి కాదు.

బీదలను అడగడం న్యాయమా?

ఇక్కడ ఒక తీవ్రమైన ఆక్షేపణ ఉంది. దొరకు వెట్టి, షావుకారుకు నాగు, సర్కారుకు పన్ను, వీటన్నిటి మీద గుడికి పిడికెడు కూడా పడితే, పేదవాని మీద ఇది మరో వసూలు కాదా? పోషణ దేవునిదని చెప్పి అన్నం లేనివాని ఎసట్లో చేయి పెట్టడం ఏ ధర్మం?

కాసులు వేసిన విధవరాలి కథ ఈ ప్రశ్నను ఇంకా పదునెక్కిస్తుంది. తనకున్నదంతా కానుకపెట్టెలో వేసిన ఆమెను దాతలకు ఆదర్శంగా చూపడం సంఘాలన్నిటా పరిపాటి. అయితే మార్కు 12వ అధ్యాయంలో ఈ కథకు సరిగ్గా ముందు విధవరాండ్ర ఇండ్లను దిగమింగే శాస్త్రుల మీద యేసు నిప్పులు కురిపిస్తాడు. ఆ తరువాత ఆ దేవాలయం కూలిపోతుందని చెబుతాడు. ఈ క్రమాన్ని ఆధారం చేసుకొని 1982లో ఆడిసన్ రైట్ అనే పండితుడు, ఆ మాటలు మెప్పు కావు, ఆమెను అలా ఇచ్చేలా చేసిన వ్యవస్థ మీద విలాపమని వాదించాడు. ఈ వాదాన్ని అందరూ అంగీకరించలేదు. కాని బీదల దగ్గర కానుక పట్టే ఏ సంఘమైనా దానిని దాటవేయలేదు.

పౌలు కూడా హద్దు గీశాడు. మాసిదోనియ సంఘాలు నిరుపేదతనంలో ధారాళంగా ఇచ్చాయని 2 కొరింథీయులకు 8వ అధ్యాయంలో మెచ్చుకొంటూనే, ఇతరులకు తేలిక కలిగించి మీకు భారం కలిగించడం తన ఉద్దేశం కాదంటాడు. సమానత్వమే గురి. అందుకు అతడిచ్చిన దృష్టాంతం నిర్గమకాండంలోని మన్నా. ఎక్కువ కూర్చుకొన్నవానికి మిగలలేదు, తక్కువ కూర్చుకొన్నవానికి తక్కువ కాలేదు. ఈ కొలమానంతో చూస్తే పిడికెడు పద్ధతికి ఒక సమర్థన ఉంది. అది ఉడికే గింజలో నుండి తీసేది. పొయ్యి రాజుకోని పూట కుండలో ఏమీ పడదు. నిర్ణీత చందాకు లేని ఈ వెసులుబాటు దానికి సహజంగా ఉంది. పోగైన ధాన్యం పల్లె ఉపదేశికి, పంతులుకు జీవనాధారమయ్యేది. ఆ పంతులు దగ్గర చదువుకొన్నది గింజలు ఇచ్చినవారి పిల్లలే. వెట్టికి దీనికి ఉన్న తేడా ఇదే. వెట్టి తిరిగి రాదు.

సమర్థన ఇంతవరకే చెల్లుతుంది. నాగును, భాగేలాను సంఘం ఎంత గట్టిగా ఎదిరించిందన్న ప్రశ్నకు పిడికెడు బియ్యం జవాబు కాదు. లేవీయకాండం ఓర విడవమని ఆదేశించింది పొలం ఉన్నవాణ్ణి. దోర్నకల్ బోధ చేరింది ఎక్కువగా పొలం లేనివాడికి. శ్రోత మారినప్పుడు ఆజ్ఞలోని రాజకీయం కూడా మారిపోతుంది. భూమి ప్రశ్న తెలంగాణలో మరో దారిన, 1940ల సాయుధ పోరాటంగా వచ్చింది. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో వినోబా భావే అడిగిన దానం భూమి ఉన్నవారిని ఉద్దేశించింది. పొలం ఓర ప్రశ్న అక్కడ మళ్ళీ పైకి వచ్చింది.

బియ్యపు క్రైస్తవులన్న నిందకు మాత్రం పిడికెడు బియ్యం గట్టి జవాబే. 1936–37లో గాంధీ హరిజన్ పత్రికలో హరిజనుల సామూహిక మతాంతరీకరణను, దాని వెనుక ఉన్న భౌతిక ప్రలోభాలను తీవ్రంగా విమర్శించాడు. తెలుగుదేశపు ఉద్యమం ఆ చర్చకు మధ్యలో నిలిచింది. అజరయ్య అధ్యక్షతన ఉన్న నేషనల్ క్రిస్టియన్ కౌన్సిల్ చొరవతో జె.డబ్ల్యు. పికెట్ చేసిన సామూహిక ఉద్యమాల అధ్యయనం అప్పటికే 1933లో వెలువడింది. మతం మారడానికి ప్రేరణలు ఒక్కటి కావని, ఆధ్యాత్మిక, సామాజిక కారణాలు కలిసే ఉంటాయని ఆ అధ్యయనం చూపింది. సర్వేల కన్నా ఇంటి కుండ సూటిగా మాట్లాడుతుంది. బియ్యం కోసం వచ్చినవాడు వారం వారం బియ్యం ఇవ్వడు. మాలపల్లెకు గౌరవం దక్కిందా అన్న ప్రశ్నకు ఊరు ఏమి ఇచ్చిందో కాక పల్లె ఏమి ఇవ్వగలిగిందో చూడాలన్నది ఇక్కడ అర్థమవుతుంది.

లెక్కకు అందని దానం

అజరయ్య 1945 జనవరి 1న దోర్నకల్‌లోనే మరణించాడు. 1947 సెప్టెంబరు 27న అతని డయోసీస్ దక్షిణ ఇండియా సంఘంలో చేరింది. వరంగల్ జిల్లా విభజనతో 2016 నుండి దోర్నకల్ మహబూబాబాద్ జిల్లాలో ఉంది.

ఈ చరిత్రకు ఆధారాలు వెదికే పరిశోధకునికి పిడికెడు బియ్యమే పెద్ద అడ్డంకి. మల్కాపురంలో దాత పేరు రాతి మీద ఉంది. కుండలోని గింజలు గుడిలో ఒక్క రాశిగా పోసిన మరుక్షణం ఎవరి పిడికిలి ఎంతో చెప్పగల పత్రం మిగలదు. ఇచ్చే చేయి స్త్రీది, పత్రాలు రాసిన చేయి చాలావరకు పురుషునిది. కుడిచేయి చేసేది ఎడమచేతికి తెలియరాదన్న మత్తయి 6వ అధ్యాయపు బోధకు ఈ పద్ధతి అచ్చంగా సరిపోయింది, చరిత్రకారునికి మాత్రం అదే నష్టమైంది. మానుకోట, డోర్నకల్, ఖమ్మం, వరంగల్ పరిసర పల్లెల్లో ఆ కుండను ఎరిగిన వృద్ధ స్త్రీలు ఇంకా ఉన్నారు. కుండను ఏ మూల ఉంచేవారు, పిడికిలి ఎసరు మరిగే ముందా తరువాతా, పస్తు ఉన్న వారంలో గుడికి ఏమి తీసుకువెళ్ళేవారు అన్న ప్రశ్నలకు సమాధానం వారి మాటల్లో తప్ప మరెక్కడా దొరకదు. మౌఖిక చరిత్ర సేకరణ అక్కడి నుండి మొదలు కావలసి ఉంది.